ఎవరి వేగంతో వెళ్లాలి?

ఇద్దరు కలిసి ఒక దూరం వెళ్లాలనుకున్నప్పుడు ఎవరి వేగంతో వెళ్లాలి? మన పెళ్లిళ్లలో ఈ ప్రశ్నని రానివ్వరు. కొంగుముడి వేసి ఏడడుగులు నడిపిస్తారు. ఏడడుగుల్లో, అదీ చదునైన నేల మీద, ఎవరికెంత దమ్ముందో ఏం తెలుస్తుంది? తెలియాలంటే చడావు కావాలి.

మాకది ఇంగ్లండ్‌లో దొరికింది. ఉద్యోగం మీద అక్కడున్న రోజుల్లో నేనూ, మా ఆవిడా సీ-టు-సీ రూట్‌లో సైకిళ్ల మీద బయల్దేరాం. 1994లో మొదలైన దారి ఇది. పడమట ఐరిష్ సముద్రం ఒడ్డున ఉన్న వైట్‌హేవెన్ నుంచి తూర్పున నార్త్ సీ దాకా సుమారు 140 మైళ్లు. బయల్దేరేటప్పుడు వెనక చక్రాన్ని ఒక సముద్రంలో, చేరాక ముందు చక్రాన్ని రెండో సముద్రంలో తడపడం ఆనవాయితీ. మధ్యలో లేక్ డిస్ట్రిక్ట్, ఆ తర్వాత పెన్నైన్ కొండలు. తను కాలేజీ రోజుల్నుంచీ పరుగెత్తే మనిషి. నేను కుర్చీలో కూర్చుని కోడ్ రాసుకునే మనిషిని.

పెన్రిత్ దాటాక హార్ట్‌సైడ్ కనుమ వస్తుంది. 1,904 అడుగుల ఎత్తు. అంకెలో పెద్దగా అనిపించదు, తొక్కుతుంటే తెలుస్తుంది. కొంతదూరం వెళ్లి తను సైకిల్‌ని రాతిగోడకి ఆనించి నిలబడేది. నేను రొప్పుతూ చేరగానే, "తొందరేం లేదు, నేను గొర్రెల్ని చూస్తున్నా" అనేది. గొర్రెలు నిజంగానే ఉన్నాయి. అయినా ఆ మాట నాకు గుచ్చుకునేది.

తను ఆగడం నా మీద దయా, నాకు రావలసిందేనా? దయ అయితే ఆగిన ప్రతిసారీ నేను కొంచెం కొంచెంగా అప్పు పడుతున్నాను. రావలసిందే అయితే, తన కాళ్లలో ఉన్న బలాన్ని ఆపే హక్కు నాకెవరిచ్చారు? ఆఫీసులో ఈ సమస్యకి జవాబు తేలిక. సిస్టమ్‌లో నెమ్మదిగా ఉన్న భాగం ఏదో కనుక్కుని మార్చేస్తాం. ఇక్కడ ఆ భాగం నేనే.

దీనికి ఒక పాత పరిష్కారం ఉంది. 1884లో అమెరికన్ దంపతులు జోసెఫ్, ఎలిజబెత్ పెనెల్ లండన్ నుంచి కాంటర్‌బరీ వెళ్లారు, ఇద్దరూ కలిసి తొక్కే మూడు చక్రాల బండి మీద. ఆమె రాసింది, ఆయన బొమ్మలు వేశాడు, మరుసటి ఏడాది పుస్తకం వచ్చింది. అలాంటి బండి మీద ఒకరి కోసం ఒకరు ఆగే పనే లేదు. ఇనుముతో చేసిన కొంగుముడి అది. కానీ తేడా ఎక్కడికీ పోదు. ఎవరు ఎక్కువ తొక్కుతున్నారో చూసేవాళ్లకి తెలియకపోవచ్చు, తొక్కేవాళ్లకి తెలుస్తుంది. 1898లో వచ్చిన ఆల్ప్స్ పుస్తకం నాటికి ఎలిజబెత్ తన సొంత సైకిల్ మీదే కనుమలు దాటింది.

నాకు ఇంకాస్త పనికొచ్చిన జవాబు అక్కడి చట్టంలో దొరికింది. ఇంగ్లండ్ పల్లెల్లో బ్రైడిల్‌వేలని ఉంటాయి. అవి నడిచేవాళ్లకీ, గుర్రాల మీద వెళ్లేవాళ్లకీ హక్కున్న బాటలు. 1968 నాటి కంట్రీసైడ్ యాక్ట్ వాటి మీద సైకిళ్లకీ హక్కు ఇచ్చింది, ఒక షరతు మీద: పాదచారులకీ, గుర్రాలకీ దారి ఇవ్వాలి. ఇందులో దయ ఊసే లేదు. నడిచే పెద్దాయన సైకిల్ మనిషికి థాంక్స్ చెప్పొచ్చు, కానీ బాకీ పడడు. సైకిల్ తొక్కే హక్కూ, దారి ఇచ్చే బాధ్యతా ఒకే వాక్యంలో పుట్టాయి.

అది ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్య పెట్టుకున్న రూల్, మొగుడూ పెళ్లాల మధ్యకి ఎందుకు తేవడం అంటారా? బాట అందరిదీ కాబట్టి ఆ రూల్ వచ్చింది. మా ప్రయాణం కూడా ఇద్దరిదీ. తనొక్కతే వెళ్తే హార్ట్‌సైడ్‌ని ఇంకా త్వరగా ఎక్కేది, నిజమే. కానీ అది వేరే ప్రయాణం. మేం మ్యాప్ ముందేసుకుని అనుకున్న ప్రయాణంలో నా కాళ్లు మొదట్నుంచీ లెక్కలో ఉన్నాయి. అందుకని తను తన ప్రయాణంలోంచి కొంత కోసి నాకు ఇస్తోందన్న మాట నిలవదు. నేను చెయ్యాల్సింది మాత్రం రెండుంది: ఆగకుండా తొక్కడం, తన బలాన్ని నా దగ్గర దాచుకోవాల్సిన అవసరం రానివ్వకపోవడం. గొర్రెల్ని సాకుగా చూపించాల్సి వచ్చిందంటే, ఆ రెండోది ఇంకా కుదరలేదన్నమాట.

కాన్సెట్ నుంచి సండర్‌లాండ్ దాకా పాత రైలుమార్గాన్నే సైకిల్ బాట చేశారు. కాన్సెట్‌లో స్టీల్ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. బాట చాలామటుకు దిగుడే. అక్కడ తను నన్నడిగింది, "వెళ్లనా?" అని. వెళ్లమన్నాను. కనుచూపు దాటిపోయింది. తర్వాత సముద్రం దగ్గర, రెండు చక్రాలూ పొడిగానే పెట్టుకుని, నేను వచ్చే దారికేసి చూస్తూ నిలబడి ఉంది. తెలుగులో ఈ పనికి ఎదురుచూడటం అని పేరు. ఈసారి తను గొర్రెల మాటెత్తలేదు, నేను సారీ చెప్పలేదు.