వినడం ఎవరి విధి?

భాషోపాధ్యాయుడు మొదట చేయవలసింది మాట చెప్పడమా, చెవి ఒగ్గడమా? పాఠం నాలుగు గోడల మధ్య సాగినంత కాలం ఈ ప్రశ్న మనలను అంతగా బాధించలేదు. విద్యార్థి నోరు విప్పకపోయినా అతని పెదవుల కదలిక, పక్కవాడితో ఆడే గుసగుస గురువుకు ఏదో ఒకటి తెలియజేసేవి. 2020 మార్చిలో బడులు మూతపడి పాఠం తెరమీదికి చేరినప్పుడు ఆ ఆనవాళ్ళు ఒక్కసారిగా మాయమైనాయి. మిగిలినవి నల్లని గళ్ళు, వాటి కింద పేర్లు. బడులు తిరిగి తెరుచుకున్నా తెర పూర్తిగా తొలగిపోలేదు. కొంత గదిలోనూ, కొంత తెరమీదా సాగే మిశ్రమ బోధన అనేక సంస్థలలో నిలదొక్కుకుంది.

దూరాన ఉన్న ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలన్న తలంపు మన దేశానికి కొత్తది కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలను అందించిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. వేలాది ప్రాథమికోపాధ్యాయులు అప్పుడే విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ పొందారు. 2017లో ‘దీక్ష’ వేదిక వచ్చింది. 2019లో ముఖాముఖిగా ఆరంభమైన ‘నిష్ఠ’ శిక్షణ 2020లో ఆ వేదిక మీదికే చేరింది. ఉపాధ్యాయులు ఏటా కనీసం 50 గంటలు వృత్తి వికాసానికి వినియోగించాలని 2020 జాతీయ విద్యావిధానం ఆశించింది. సంకల్పం మంచిదే. అయితే గంటలను లెక్కించవచ్చు, వినడాన్ని లెక్కించలేము. వీడియోను దాని మానాన నడవనిచ్చి జవాబు పత్రాలు దిద్దుకునే ఉపాధ్యాయుని నిందించడం సులభం. అతని గొంతు ఒక్కసారైనా వినకుండానే ధ్రువపత్రం చేతికిచ్చే ఏర్పాటును ఏమనాలి?

శ, ష, స అనే ఊష్మాక్షరాలను తీసుకుందాము. వీటి మధ్య భేదం చాలావరకు హెచ్చు పౌనఃపున్యాల మీద ఆధారపడి ఉంటుంది. ధ్వనిని కుదించి పంపే బలహీనమైన ప్రసారంలో ముందుగా నశించేవి అవే. విద్యార్థి ‘శాంతి’ అని సరిగానే పలికినా గురువు చెవికి ‘సాంతి’గా చేరవచ్చు. వెంటనే అందరి ఎదుటా దిద్దుబాటు జరుగుతుంది. తప్పు యంత్రానిది, సిగ్గు పిల్లవానిది. (ఇంట్లో ‘సాంతి’ అనేవారూ తక్కువేమీ కాదు, అది నేరమూ కాదు.) పరికరంలో ఏ మీట ఏమి చేస్తుందో నేర్పిన శిక్షణ ఈ సంగతి చెప్పకపోతే దానిని సాంకేతిక లోపమని సరిపెట్టుకోలేము. ఒకరిని అకారణంగా సిగ్గుపరచే అధికారం గురువుకు ఎవరిచ్చారు?

మౌనం సంగతి మరింత సున్నితమైనది. తరగతిలో ప్రశ్న వేసిన తర్వాత ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు నిడివిలోనూ ఆలోచనలోనూ మెరుగవుతాయని మేరీ బడ్ రో 1970లలో గమనించారు. ఆమె చూచినవి విజ్ఞానశాస్త్ర తరగతులు. పరభాషలో వాక్యం కూర్చుకుంటున్న విద్యార్థికి ఇంకెంత వ్యవధి కావాలి! పైగా తెరమీద ప్రశ్న అతనిని చేరడంలోనే కొంత ఆలస్యం. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక గురువే జవాబు చెప్పేస్తాడు. పాఠం చక్కగా ముగుస్తుంది. మాట్లాడినది మాత్రం ఒక్కడే.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి (1863–1940) సవరలకు చదువు చెప్పదలచినప్పుడు ముందు తానే సవర భాషకు విద్యార్థి అయినారు. అప్పటికి ఆ భాషకు లిపి లేదు. ఆయన సవర వ్యాకరణం 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడ్డాయి. వాటికి దశాబ్దాల ముందే ఆయన వినడం మొదలుపెట్టారు. 1969లో మైసూరులో ఏర్పడిన భారతీయ భాషా కేంద్ర సంస్థ కూడా తన ప్రాంతీయ కేంద్రాలలో ఉపాధ్యాయులను పది నెలలపాటు మరో భారతీయ భాషకు విద్యార్థులుగా కూర్చోబెట్టింది.

తెరమీది శిక్షణలోనూ ఇది అసాధ్యం కాదు. తెలుగు పండితునికి పది రోజులు గోండి గానీ సంతాలీ గానీ ఆన్‌లైన్‌లో నేర్పి, తెగిపోతూ ఉన్న ప్రసారంలో పేరు పెట్టి పిలిచి ఒక వాక్యం చెప్పమనవచ్చు. అప్పుడతడు కొంతసేపు మౌనంగా ఉండిపోతాడు. ఆ మౌనాన్ని శిక్షణ నివేదికలో ఏ గడిలో నమోదు చేయాలో మాత్రం నాకు తోచడం లేదు.