నవ్వించిన నోరే నొప్పిస్తే...



ఒకడు ఊరికి మంచి బావి తవ్వించాడు. ఊరంతా ఆ నీళ్లు తాగి చల్లబడింది. ఏళ్లు గడిచాక ఆ మనిషే ఒక వాడ వైపు వేలు చూపించి, ‘వీళ్లకు దూరంగా బతకండి’ అని చాటింపు వేశాడు. ఇప్పుడు ఆ బావి నీళ్లు తాగవచ్చునా? తాగితే ఆ చాటింపుకు తల ఊపినట్లా? మానివేస్తే, నీళ్లు చేసిన నేరమేమిటి?

ఈ ప్రశ్న అమెరికాలో ఒక కార్టూనిస్టు విషయంలో నిజంగానే తలెత్తింది. ఆయన పేరు స్కాట్ ఆడమ్స్. 1957లో పుట్టి 2026 జనవరి 13న కన్నుమూశాడు. సాఫ్ట్‌వేరు కొలువుల్లో ఉన్న మన విచారణల యువతీ యువకులలో చాలామందికి ఆయన పేరు తెలియకపోయినా, ఆయన గీసిన డిల్బర్ట్ తెలిసే ఉంటాడు. తెల్లచొక్కా, పైకి వంకర తిరిగిన టై, నోరు కనబడని ముఖం. పని తెలిసినవాడు, కాని పని తెలియని వాడి కింద పనిచేసేవాడు. తలకు రెండు వైపులా కొమ్ముల్లా జుట్టు లేచిన మేనేజరు ఒకడు, ఉద్యోగులను ఏడిపించడమే తన శాఖగా పెట్టుకున్న పిల్లి ఒకటి, కాఫీ కప్పు పట్టుకుని రోజంతా పని తప్పించుకునే వాలీ, వీరందరి మధ్య మన ఐఐటీలో చదివి వెళ్లి అక్కడ ట్రైనీగా నలిగే అశోక్ అనే భారతీయ కుర్రవాడు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అరల ఆఫీసులో కూర్చున్న తెలుగు బిడ్డ ఈ అశోక్‌ను చూసి ‘అరె, ఇది నా కథే!’ అనుకుంటే ఆశ్చర్యమేముంది?

ఆ కార్టూను 1989 ఏప్రిల్ 16న మొదలైంది. అప్పటికి ఆడమ్స్ పసిఫిక్ బెల్ అనే టెలిఫోన్ కంపెనీలో ఉద్యోగి. అంతకు ముందు బ్యాంకులో చేశాడు. 1995 వరకు ఉద్యోగం చేస్తూనే బొమ్మలు గీశాడు. కనుక ఆ హాస్యం ఊహల్లోంచి ఊడిపడింది కాదు, ఆఫీసు బల్ల దగ్గర పుట్టింది. తరువాత అది సుమారు రెండు వేల పత్రికలకు పాకింది. 1999 జనవరి 25న యూపీఎన్ అనే టెలివిజన్ చానెలులో బొమ్మల సీరియలుగా వచ్చి, 30 భాగాలు నడిచి, 2000 జూలైలో ఆగిపోయింది.

ఆ సీరియలు మొదటి భాగం చూడండి. వస్తువు ఇంకా తయారు కాలేదు, అసలు ఏమి తయారు చేయాలో కూడా ఎవరికీ తెలియదు. ముందు దానికి పేరు పెట్టమని కంపెనీ ఆజ్ఞ! ‘ఆలు లేదు చూలు లేదు’ సామెత మనకు ఉండనే ఉంది. మరో భాగంలో డిల్బర్ట్ పొరపాటున మేనేజరు కప్పులో తాగుతాడు. దానితో చేతిలోని విద్య కాస్తా పోయి, అతడూ మేనేజరులాగే మాట్లాడటం మొదలుపెడతాడు. ఈ రెండవ కథను కాస్త గుర్తు పెట్టుకోండి.

ఈ నవ్వు పాపమా? కాదని నా అభిప్రాయం. పోపు రెండవ జాన్ పౌలు గారు 1981లో శ్రమను గూర్చి రాసిన విశ్వలేఖ సారం ఇదే కదా: పని మనిషి కోసం, మనిషి పని కోసం కాదు. ఈ వరుస తలకిందులైన చోట మనిషి యంత్రంలో మరమేకు అవుతాడు. దానిని వేదాంతి వ్యాసంగా రాస్తే పదిమంది చదువుతారు. కార్టూనిస్టు మూడు గడుల్లో గీస్తే, మనసు నలిగిన గుమాస్తా మధ్యాహ్నం అన్నం వేళ దాన్ని చూసి ‘నా ఒక్కడికే కాదన్నమాట’ అని ఊపిరి పీల్చుకుంటాడు. ఇది చిన్న సేవ కాదు. కాబట్టి బావి మంచిదే, నీళ్లూ మంచివే.

ఇక చాటింపు సంగతి. 2023 ఫిబ్రవరిలో అమెరికాలో ఒక సర్వే జరిగింది. ‘తెల్లవారిగా ఉండటంలో తప్పులేదు’ అన్న వాక్యాన్ని ఒప్పుకుంటారా అని అడిగారు. చూపుకు అమాయకంగా ఉన్న ఈ వాక్యాన్ని 2017 నుండి తెల్లజాతి ఆధిక్యవాదులు నినాదంగా వాడుకున్నారు. అందువల్ల అనేకులకు అది ముల్లులా తగులుతుంది. సర్వేలోని నల్లజాతి వారిలో నూటికి 53 మంది ఒప్పుకుంటామన్నారు, 26 మంది ఒప్పుకోమన్నారు, 21 మంది ఏమీ తేల్చి చెప్పలేదు. ఆడమ్స్ చివరి రెండు లెక్కలూ కలిపేశాడు. తన ఇంటర్నెట్ కార్యక్రమంలో వారిని ద్వేషించే గుంపు అన్నాడు. తెల్లవారు నల్లవారికి దూరంగా వెళ్లిపోవడమే మంచిదని సలహా ఇచ్చాడు. రోజుల్లోనే వాషింగ్టన్ పోస్ట్, లాస్ ఏంజెలిస్ టైమ్స్ సహా వందలాది పత్రికలు డిల్బర్ట్‌ను తీసివేశాయి. పంపిణీ సంస్థ సంబంధం తెంచుకుంది. తన మాటలు అతిశయోక్తి అనీ, తాను జాతివివక్షకు వ్యతిరేకిననీ ఆయన వాదించాడు.

లెక్కలో మోసం ఎక్కడుందో చూశారా? సగానికి పైగా ఒప్పుకున్నవారు ఆ సలహాలో ఏమైపోయారు? చర్మపు రంగు ఒక్కటే గుర్తుగా తీసుకుంటే, ఒప్పుకున్నవాడు, కాదన్నవాడు, చంకలోని పసిబిడ్డ, అందరూ ఒకే గాటన కట్టబడతారు. అమెరికా పీఠాధిపతులు 1979లోనే జాతివివక్ష పాపమని తమ లేఖలో స్పష్టంగా రాశారు; కేవలం మర్యాద తప్పటం అనలేదు.

‘దూరంగా ఉండండి’ అనే మాట తెలుగు క్రైస్తవుని చెవికి కొత్తదా? దూరంగా కట్టిన వాడలు, వేరు బావులు, వేరు శ్మశానాలు మనం ఎరుగనివా? కార్డినల్ పూల అంతోని గారు 2022 ఆగస్టులో దళితులలో నుండి మొట్టమొదటి కార్డినల్ అయినప్పుడు మనం స్వీట్లు పంచుకున్నాం. మంచిదే. కాని మన గుడిలో పక్క బెంచీ మీద ఎవరు కూర్చుంటారో చూసి జరిగి కూర్చునే అలవాటు ఆ స్వీట్లతో పోయిందా? అమెరికావాడిని ఆడిపోసుకునే ముందు గురివింద గింజ సామెత ఒకసారి తలచుకుందాం. (ఆ సామెతలో సైతం మచ్చ నలుపుదే కావడం గమనించండి!)

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. ఆఫీసు అన్యాయాన్ని అంత సూక్ష్మంగా చూసిన కన్ను ఇంత మొద్దుబారటం ఎలా జరిగింది? దీనికి ఒక జాడ ఆయన మాటల్లోనే దొరుకుతుంది. టెలివిజన్ సీరియలు ఎందుకు ఆగిందో 2006లో ఆయనే రాశాడు: చానెలును చూసేవారే తక్కువ, యాజమాన్యం తప్పిదాల వల్ల ప్రసార వేళలు మారుతూ పోయాయి, తమకు ముందు వచ్చే కార్యక్రమం నాసిరకం. ఇది అచ్చం డిల్బర్ట్ కథే; అందులో నవ్వు ఉంది, నిజమూ ఉంది. 2020 జూన్‌లో అదే సీరియలు గురించి మళ్లీ చెప్పాడు: చానెలు నల్లజాతి ప్రేక్షకుల వైపు మొగ్గింది, నేను తెల్లవాడిని గనుక నా కార్యక్రమం పోయింది, ఇలా పోగొట్టుకున్న ఉద్యోగాలలో ఇది మూడవది.

సంఘటన ఒక్కటే, నష్టమూ ఒక్కటే. పద్నాలుగేళ్లలో దోషి మారిపోయాడు. తెలివితక్కువ యాజమాన్యం పోయి ఒక జాతి వచ్చి ఆ బోనులో నిలబడింది. పాత కంపెనీలలో తెల్లవాడినన్న కారణంతో తనకు ప్రమోషన్ అందలేదని ఆయన చెప్పుకున్నది నిజమే కావచ్చు. ఒకవేళ నిజమే అయినా, ఆ నిర్ణయం తీసుకున్నది కుర్చీలో కూర్చున్న అధికారి; వీధిలో నడిచిపోయే నల్లజాతి తల్లి కాదు. వ్యంగ్యకారుడు కుర్చీని చూసి నవ్వినంత కాలం బలవంతుడితో తలపడ్డాడు. చూపు కుర్చీ మీద నుండి వీధి మీదకు దిగింది. మేనేజరు కప్పులో తాగిన డిల్బర్ట్‌ను గుర్తు పెట్టుకోమన్నది ఇందుకే. మనుషులను పేర్లతో కాక గుంపులుగా, పట్టికలో అంకెలుగా చూడటం ఆ కొమ్ముల జుట్టు మేనేజరు విద్య కదా!

సరే, ఆ బొమ్మలను ఏం చేద్దాం? శ్రీసభకు ఈ చర్చ పాతదే. నాలుగవ శతాబ్దంలో, హింసల కాలంలో పిరికివారై లొంగిపోయిన గురువులు ఇచ్చే సంస్కారాలు చెల్లవని ఉత్తర ఆఫ్రికాలో దొనాతు వర్గంవారు పట్టుబట్టారు. పునీత అగస్టీను గారు ఒప్పుకోలేదు. జ్ఞానస్నానం ఇచ్చేది క్రీస్తు ప్రభువే. ఇచ్చే చేయి మురికిదైనా వరం మురికి కాదన్నారు. అయితే కార్టూను దివ్యసంస్కారం కాదు; కాబట్టి ఆ జవాబును ఉన్నదున్నట్లు ఇక్కడ అతికించలేం.

రోములో సాన్ లుయీజీ దేవాలయంలో కారవాజో చిత్రించిన ‘మత్తయి పిలుపు’ నేటికీ వేలాడుతున్నది. ఆ చిత్రకారుడు 1606లో ఒక మనిషిని చంపి పారిపోయాడు. ఎవరూ ఆ పటానికి గుడ్డ కప్పటం లేదు. కాని లూర్దు మాత పుణ్యక్షేత్రంలో వేరుగా జరిగింది. అక్కడి జపమాల మాత బసిలికా ద్వారాల వద్ద ఉన్న రంగురాళ్ల చిత్రాలు మార్కో రుప్నిక్ అనే గురువు చేసినవి. ఆయన తమను లైంగికంగా హింసించాడని పలువురు స్త్రీలు ఆరోపించారు. 2023లో యేసుసభ ఆయనను వెలివేసింది. 2025 మార్చిలో లూర్దు పీఠాధిపతులు ఆ ద్వారాల చిత్రాలను పలకలతో కప్పించారు. కళ మీద కోపంతో కాదు. గాయపడినవారు ఆ గడప దాటి లోపలికి రాగలగాలని. కారవాజో చేతిలో చనిపోయిన వాని బంధువులు నేడు ఆ గుడి మెట్లెక్కి రారు. లూర్దుకు వచ్చే గాయపడిన స్త్రీ ఈ ఏడే వస్తుంది.

నాకు దారి చూపింది ఈ గడప. డిల్బర్ట్ పుస్తకం మీ ఇంట్లో ఉంటే కాల్చవద్దు. నవ్వు వస్తే నవ్వండి, ఆ నవ్వు చాటింపు కంటే ముందు పుట్టింది. కాని ఆఫీసులో మీ అర గోడకు ఆ బొమ్మ అంటించి ఉండి, పక్క బల్ల దగ్గర నల్లజాతి సోదరి కూర్చుని ఉంటే, ఆమె అడగకముందే దాన్ని తీసివేయండి. పత్రికలు చేసినదీ తప్పని నేననను. పత్రిక పుట నలుగురూ కలిసి కూర్చునే పంక్తి. పక్కవాడిని లేచిపొమ్మన్నవాడికి ఆ పంక్తిలో విస్తరి వేయాలన్న బాధ్యత ఎవరికీ లేదు. ఆయన నోరు ఎవరూ కుట్టలేదు. తన బొమ్మలు చందాదారుల కోసం గీస్తూనే ఉన్నాడు.

కథ ఇక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాయనక్కరలేదు. 2025 మే నెలలో తనకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని ఆడమ్స్ ప్రకటించాడు. చనిపోయిన రోజున మాజీ భార్య ఆయన చివరి సందేశం చదివి వినిపించింది. తాను విశ్వాసిని కాననీ, అయితే క్రైస్తవ మిత్రులు అడుగుతున్నారనీ, లాభనష్టాలు బేరీజు వేస్తే ఇదే మేలుగా తోస్తున్నదనీ చెప్పి, యేసుక్రీస్తును ప్రభువుగా రక్షకునిగా అంగీకరిస్తున్నానని ఆయన రాశాడు.

అది విని నవ్వినవారు ఉన్నారు. బ్యాంకు గుమాస్తా చివరిదాకా గుమాస్తాయే అన్నవారూ ఉన్నారు. అయితే పదిహేడవ శతాబ్దంలో పాస్కల్ అనే భక్తుడు అవిశ్వాసుల ముందు పెట్టిన పందెం సరిగ్గా ఇదే. 1551లో ట్రెంట్ మహాసభ ఇంకో మాట కూడా చెప్పింది: శిక్షకు భయపడి కలిగే అసంపూర్ణ పశ్చాత్తాపం సైతం దేవుని వరమే, కపటం కాదు. దేవుని మీద ప్రేమతోనే మొదటి అడుగు వేసినవారు మనలో ఎందరు? నరకం బొమ్మ చూసి జడుసుకుని పాపసంకీర్తనానికి పరుగెత్తిన చిన్ననాటి మన అడుగు ఏ తరగతిది? ఆయన అడుగు ఎంత లోతుకు దిగిందో నేను కొలవలేను, కొలిచే పని నాది కాదు.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీలను తలచుకోండి. తెల్లవారి వచ్చినవానికి, సాయంత్రం వచ్చినవానికి ఒకే దీనారము. పొద్దుటి కూలీ సణిగాడు. అతనికి కూలి తగ్గలేదు. పక్కవాని చేతిలో తనతో సమానంగా పడటమే అతని బాధ. ఆడమ్స్ సణుగుడు ఈ జాతిదే. నిజానికి అమెరికాలోని నల్లజాతివారు సాయంత్రం వచ్చినవారు కానే కారు. తెల్లవారకముందే గొలుసులతో ఆ తోటలో దింపబడి, 1865 వరకు కూలి లేకుండా చెమటోడ్చినవారి సంతానం. అటువంటివారికి దూరంగా వెళ్లిపొమ్మన్న మనిషి, తన పొద్దు గూకే వేళ, అదే యజమాని గేటు దగ్గరకు లెక్కలు వేసుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

ఇప్పుడు సణిగే వంతు మనది. బాల్యంలోనే జ్ఞానస్నానం పొంది, ఏటేటా తపస్సుకాలం ఉపవాసాలుండి, ఎండలో మాడిన మనకూ, చివరి గడియలో వచ్చిన ఆ నోటి దురుసువానికీ ఒకే నాణెమా? ఆ యజమాని ఔదార్యం చూసి పొద్దుటి కూలీలు నాణెం పుచ్చుకుని ఇంటికి పోయారా, విసిరికొట్టారా, ఉపమానం చెప్పదు. ఒక్కటి మాత్రం తెలుస్తున్నది: కూలి పంచేటప్పుడు అందరూ ఒకే వరుసలో నిలబడవలసి వచ్చింది. ఆడమ్స్‌కు ఆ వరుసలో చోటు దొరికి ఉంటే, ఆయనకు ముందు ఒక నల్లజాతి కూలీ, వెనుక మరొకరు, భుజానికి భుజం ఆనించి నిలబడి ఉంటారు.