పాత ఇనుము, క్రొత్త ఉంగరము

ధ్యానభాగములు: నిర్గమకాండము 32:1–6, 38:8



గత వేసవిలో మా సంఘపు యౌవనస్థుడొకడు తన వివాహము విషయమై పెద్దలమైన మాయొద్దకు వచ్చెను. అతడు విజయవాడ ఆటోనగరులో ఒక లేతు షాపునందు పనిచేయుచున్నాడు. జేబులోనుండి చిన్న గుడ్డమూట తీసి విప్పి, రెండు ఉంగరములను బల్లమీద పెట్టెను. అవి చూచుటకు వెండివలె నుండెను గాని వెండి కావు. పాత లారీ ఇంజను విప్పినప్పుడు తుక్కులో పడిన వాల్వులను యజమానియొద్ద కొని, పని ముగిసిన తరువాత రాత్రులు కూర్చుండి వాటితో ఈ ఉంగరములను చేసెనట. "అయ్యగారూ, గుడిలో వీటిని మార్చుకోనిస్తారా?" అని అడిగెను.

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. మాలో ఒకరు, "తుక్కు సామాను దేవుని సన్నిధికి తెస్తావా?" అనిరి. మరియొకరు, "ఇనప ఉంగరం శని పట్టినవాళ్లు పెట్టుకుంటారు, ఊళ్లో ఏమనుకుంటారు?" అనిరి. మూడవవారు, "ఆడపిల్లవారు చిన్నబుచ్చుకుంటారు" అనిరి. వచ్చే ఆదివారము రమ్మని అతనిని పంపివేసితిమి. ఆ వారము దినములు మేము తలపోసిన సంగతులను మీతో పంచుకొనవలెనని ఇది వ్రాయుచున్నాము.

ఈ పని మన యువకుడు క్రొత్తగా కనిపెట్టినది కాదు. మోటారు కార్లకు పుట్టినిల్లని పేరుపొందిన అమెరికా పట్టణము డెట్రాయిట్. అక్కడి కర్మాగారములలో పూర్వము పనివారు చేతితో కార్లకు రంగు చిమ్మెడివారు. ఆ రంగులో కొంత కారు మీద పడక, కారును మోయు పట్టాల మీదను కొక్కెముల మీదను పడి, ప్రతి కారుతో కూడ పొయ్యిలోనికి పోయి గట్టిపడెడిది. ఇట్లు పొరమీద పొర పేరి, చివరకు రాయివలె మందమై పనికి అడ్డము వచ్చినప్పుడు దానిని పగులగొట్టి పారవేసెడివారు. పనివారిలో కొందరు ఆ పెంకులను ఇంటికి కొనిపోయి, కోసి, సానపట్టి చూడగా, రంగురంగుల చారలతో రత్నమువలె కనబడెను. దానికి ఫోర్డైట్ అని పేరు పెట్టిరి. రంగు వేయు పద్ధతి మారిన తరువాత అది దొరకుట అరుదాయెను. నేడు దానిని ఉంగరములలో పొదుగుచున్నారు. పాత రంగులలో సీసము ఉండుట గలదు గనుక, కోయునప్పుడు లేచు ధూళిని పీల్చకూడదు.

మన యువకుని పని వేరు. ఇంజను వాల్వు పుట్టగొడుగు ఆకారములో ఉండును. నిమిషమునకు 1500 చుట్లు తిరుగు లారీ ఇంజనులో ప్రతి వాల్వు నిమిషమునకు 750 సార్లు తెరచి మూసుకొనును. పొగ బయటికి పంపు వాల్వు ఎర్రగా కాలునంత వేడిని సహింపవలెను. అందుచేత దానిని క్రోమియము మొదలైనవి కలిపిన మంచి ఉక్కుతో చేయుదురు. అతడు దాని కాడను కోసివేసి, తలను లేతుమీద బిగించి, నడుమ బెజ్జము వేసి, వేలికొలతకు లోపల తొలిచి, వెలుపల చెక్కి, అంచులను గుండ్రము చేసి, ఎమరీ కాగితముతో రుద్దెను. కొన్ని వాల్వుల కాడలు బోలుగా ఉండి, వాటిలో సోడియము నింపబడియుండును. తెలియక కోసినయెడల దానికి నీరు తగిలి మండును. ఇతడు తెలిసినవాడు గనుక అట్టివాటిని ముట్టలేదు. ఇక ఇట్టి ఉక్కులో నికెలు ఉన్నయెడల కొందరి చర్మమునకు దురద పుట్టవచ్చును. వ్రేలు వాచినప్పుడు బంగారు ఉంగరమును కత్తిరించుట సులభము, దీనిని కత్తిరించుట కష్టము. ఇవన్నియు అతడే మాకు చెప్పెను. లోపము దాచనివాని మాటను కొట్టివేయుట మాకు కష్టమాయెను.

ఇక మా ముగ్గురి ఆక్షేపణలను ఒక్కొక్కటిగా ఆలోచింతము.

మొదటిది, తుక్కు పరిశుద్ధకార్యమునకు తగునా అనునది. నిర్గమకాండము 32వ అధ్యాయములో ఇశ్రాయేలీయుల చెవి పోగులను గూర్చి చదువుచున్నాము. అవి మేలిమి బంగారము. వాటిని కరగించి దూడను చేసి, దాని యెదుట ఆడిరి. అదే గ్రంథము 38వ అధ్యాయములో, ప్రత్యక్షపు గుడారపు ద్వారమునొద్ద సేవచేయు స్త్రీలు తమ అద్దములనిచ్చినట్లు చదువుచున్నాము. ఆ కాలమందు అద్దమనగా మెరుగుపెట్టిన కంచు. ముఖము చూచుకొనుటకు వాడిన ఆ కంచుతో, యాజకులు కాళ్లు చేతులు కడుగుకొను గంగాళము చేయబడెను. బంగారము విగ్రహమాయెను, వాడిన అద్దము పరిశుద్ధ పాత్ర ఆయెను. లోహము వెలను చూచి మనము తీర్పు తీర్చినయెడల ఈ రెండు చోట్లను తప్పిపోవుదుము. అది యెవరిచేత, యెట్టి మనస్సుతో, దేనికొరకు ఇయ్యబడినదో చూడవలసియున్నది.

రెండవది, ఇనుము కీడు తెచ్చుననునది. గుర్రపు నాడాతోను పడవ మేకుతోను ఉంగరములు చేయించుకొని గ్రహబాధ పోవునని ధరించువారిని మన గ్రామములలో చూచుచున్నాము. లోహములో కీడు గాని మేలు గాని దాగియుండదని మనము నమ్ముచున్నాము గదా. అట్లయితే ఇనుమునకు జడియుట యెందుకు? క్రీ. శ. 79లో చనిపోయిన ప్లినీ అను రోమా గ్రంథకర్త, తన దినములలో కూడ ప్రధానము చేయబడిన కన్యకు రాయి పొదగని ఇనుప ఉంగరమునే పంపుట వాడుక అని వ్రాసెను. అపొస్తలులు రోమాకు వెళ్లిన కాలమది. మరియు 1813లో, నెపోలియనుతో యుద్ధము జరుగునప్పుడు, ప్రష్యా దేశపు స్త్రీలు తమ బంగారు నగలనిచ్చి వాటికి బదులు ఇనుప ఉంగరములు పుచ్చుకొనిరి. అక్కడ ఇనుము ధరించుట గౌరవమాయెను. కాబట్టి మంచి లోహమేది, చెడు లోహమేది అనునది చాలవరకు ఆయా జనుల అలవాటని గ్రహింపవలెను.

మూడవది, పెండ్లికుమార్తె ఇంటివారి గౌరవము. దీనికి మాయొద్ద బదులు లేకపోయెను. నగ లేని పిల్లను లోకము ఎంత తక్కువగా చూచునో మనము ఎరుగనిది కాదు. అప్పుడు స్త్రీల సమాజములోని ఒక పెద్దమ్మ, "అందరినీ అడిగారు, ఆ పిల్లను ఎవరూ అడగలేదేం?" అనెను. మాకు సిగ్గాయెను. ఆ పెద్దమ్మయే వెళ్లి అడిగి వచ్చెను. ఆ పిల్ల చెప్పిన మాట ఇది: "బంగారానికని నాన్న ఉన్న అరెకరం తాకట్టు పెడతానంటున్నాడమ్మా. ఆ పొలం పోతే తమ్ముళ్లేం తింటారు? ఆ ఉంగరం వేలికున్నన్నాళ్లూ నాకు పొలమే గుర్తొస్తుంది."

ఆ తండ్రి తాకట్టుకు సిద్ధపడిన సంగతి మాకు తెలియదు. తెలిసికొనుటకు ప్రయత్నింపలేదు. బల్లమీది ఉంగరము ఇనుమా బంగారమా అని వారము దినములు వాదించుకొంటిమి గాని, బంగారమైనయెడల అది యెవరి అన్నములోనుండి వచ్చునని ఒక్కసారియైనను అడుగలేదు. పెద్దలమని పేరు పెట్టుకొన్నవారిలో ఇది చిన్న లోపము కాదు. తుక్కును దేవుని సన్నిధికి తేవచ్చునా అని ఆ బిడ్డను గద్దించితిమి. పేదవాని పొలమును వడ్డీవ్యాపారికి అప్పగించి, ఆ వెలతో కొన్న బంగారమును తెచ్చినయెడల, కన్ను మూసికొని ఆశీర్వదించియుందుము.

అయితే ఇంకొక ప్రక్క కూడ చూడవలెను. పాత సామానుతో చేసినంతమాత్రమున ఉంగరము నిర్మలము కాదు. 1975 మొదలుకొని అమెరికా కార్ల పొగగొట్టములకు ఒక పరికరమును అమర్చుచున్నారు. పొగలోని విషమును తగ్గించుటకై దానిలో ప్లాటినము, పల్లాడియము, రోడియము అను ప్రశస్త లోహములు కొద్దిగా ఉంచుదురు. వాటికొరకు దొంగలు వీధిలో నిలిపిన కార్ల క్రింద దూరి ఆ పరికరమును కోసికొనిపోవుచున్నారు. అట్టిదానిలోని ప్లాటినముతో చేసిన ఉంగరము ఎంత తెల్లగా మెరసినను దానిమీద ప్రమాణము చేయుట తగదు. కావున మేము మన యువకుని, "వాల్వులకు డబ్బు చెల్లించితివా?" అని అడిగితిమి. యజమాని వ్రాసియిచ్చిన చీటీ చూపెను.

మరియు తుక్కులోను గర్వమునకు చోటు కలదు. కొన్ని దేశములలో ధనవంతులు పాత కారు ముక్కతో చేసిన ఉంగరమునకు బంగారమునకు మించిన వెల యిచ్చి, అందరికి చూపి చెప్పుకొనుచున్నారు. తండ్రి నడిపిన కారులోని ముక్క అని జ్ఞాపకార్థము దాచుకొనువారిని మేము తప్పుపట్టము. అయితే చెప్పుకొనుటకొరకే వింత ఉంగరము చేయించినయెడల, అదియు మరియొక విధమైన నగ కాదా?

చెప్పుకొను కథ నిజమైనదిగా కూడ ఉండవలెను. కెనడా దేశపు ఇంజనీర్లు తమ బాధ్యతకు గురుతుగా చిటికెనవ్రేలికి ఒక ఉంగరము ధరింతురు. ఆ ఆచారము 1925లో మొదలాయెను. మొదటి ఉంగరములు 1907లో కూలి 75 మంది పనివారి ప్రాణములు తీసిన క్యూబెక్ వంతెన ఇనుముతో చేయబడెనని చాలమంది చెప్పుదురు. అది నిజము కాదు. సామాన్యమైన ఇనుమే అయినను, ఆ ఉంగరము చేయు హెచ్చరికకు తక్కువేమి? ప్రమాణమునకు కథ అక్కరలేదు, నిలువబెట్టుకొను మనిషి కావలెను.

రెండవ ఆదివారము ఆ యువకుడు వచ్చినప్పుడు ఉంగరములను మరల చేతిలోనికి తీసికొని చూచితిమి. వెలుపలి ప్రక్కన లేతు గీతలు రెండు సన్నగా కనబడుచుండెను గాని లోపలి ప్రక్క అద్దమువలె ఉండెను. ఇట్లేల చేసితివని అడుగగా, "బయట గీత ఉంటే చూసేవాళ్లకే అయ్యగారూ, లోపల ఉంటే తొడుక్కున్న మనిషికి గుచ్చుకుంటుంది" అనెను. మనలో అనేకుల కాపురములు దీనికి వ్యతిరేకముగా సానపట్టబడియున్నవి. ఆదివారమున గుడిలో నున్నగా కనబడుదుము, ఇంటిలోనివారికి గుచ్చుకొనుదుము. మాలో పెండ్లియై నలువది యేండ్లు గడచినవారు ఆ మాటకు తలవంచుకొనిరి.

ఆ వివాహము జరిగెను. కాపరి ఆ ఉంగరములను చేతపట్టుకొని ప్రార్థించెను. ఉంగరములయందు మిగిలినదానిని విందులో అప్పుగా చేయకుడని రెండు ఇండ్లవారికిని ముందే బోధించితిమి గనుక, పప్పు, వంకాయ కూర, చారుతో భోజనము పెట్టిరి. పొలము తండ్రి పేరుననే ఉన్నది. పెండ్లికుమారుని తల్లి ఆ దినమున కన్నీరు తుడుచుకొనుట చూచితిమి. సంతోషముచేతనో, కోడలి చేతికి బంగారము లేదను చిన్నతనముచేతనో మాకు తెలియదు. ఆమె మనస్సును కూడ దేవుడు ఆదరించునుగాక.

అందరును తుక్కుతో ఉంగరములు చేయించుకొనవలెనని మేము చెప్పుటలేదు. తల్లి ఉంగరము ఉన్నవారు దానిని సంతోషముగా ధరింపవచ్చును. చేతిలో ఉన్నదానితో కొనగలవారు కొనవచ్చును. అప్పు చేసి, పొలమమ్మి, తోబుట్టువుల నోటికాడి అన్నము తీసి కొనవలసివచ్చినప్పుడు మాత్రము ఆగుడి. ఆ భారమును పేదవాని మీద మోపునది దేవుని ఆజ్ఞ కాదు, మన నోళ్లే. కావున ఈ సంవత్సరము మీ ఇండ్లలో వివాహము కుదిరినయెడల, కంసాలియొద్దకు వెళ్లుటకు ముందు, పెద్దలను పిలుచుటకు ముందు, ఆ పిల్లను కూర్చుండబెట్టి అడుగుడి.