రేషను అను మాట



వరంగల్లు చుట్టుప్రక్కల పల్లెలలో రేషను అను మాట తెలియని యిల్లు లేదు. మన పెద్దలు దానిని కంట్రోలు బియ్యము అందురు. ఆ బియ్యము ధర్మమునకు వచ్చినదని తలంచి, సంచి పట్టుకొని వరుసలో నిలుచుటకు సిగ్గుపడువారు గలరు. వారిని చూచి చులకనగా మాటలాడువారును గలరు. ఆ సిగ్గు న్యాయమైనదేనా?

ఈ మాట ఫ్రెంచి భాషనుండి ఇంగ్లీషులోనికి వచ్చెను. దీని వేరు లాటిను భాషలోని రాతియో అను మాట. లెక్క అని దాని అర్థము. హేతువు, వివేకము అను అర్థముగల రీజన్ అను ఇంగ్లీషు మాటయు ఆ వేరునుండియే పుట్టినది. సిపాయికి దినమునకు ఇంత అని కొలిచి యిచ్చు ఆహారమునకు ఈ పేరు పెట్టిరి. సిపాయి భోజనమును భిక్షమని యెవరందురు? రేషను అనగా లెక్కప్రకారము రావలసిన వంతు.

మన ప్రభువును ఇట్టి మాటనే వాడెను. లూకా 12:42లో గృహనిర్వాహకుడు పనివారికి వేళకు పెట్టవలసిన ఆహారమునకు గ్రీకులో సితోమెత్రియోన్ అని యున్నది. ధాన్యపు కొలత అని దాని భావము. ఆ ధాన్యము నిర్వాహకునిది కాదు, యజమానునిది. నిర్వాహకుని చేతిలో నున్నది మానిక మాత్రమే. లూకా 16వ అధ్యాయములో మరియొక నిర్వాహకుని యజమానుడు పిలిచి లెక్క అప్పగించుమనెను. కొలత పుచ్చుకొనువాడు తల వంచనక్కరలేదు. కొలిచినవాడే జవాబు చెప్పవలెను. అరణ్యములో మన్నా కూడ తలకు ఒక ఓమెరు చొప్పుననే గదా కూర్చుకొనిరి!

1983లో రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చినప్పుడు అనేకులు దానిని దయ అనుకొనిరి. 2013లో వచ్చిన ఆహార భద్రతా చట్టము మనిషికి నెలకు 5 కిలోలు హక్కు అని వ్రాసెను. తెలంగాణలో 2015నుండి తలకు 6 కిలోల చొప్పున ఇచ్చుట ఆరంభమాయెను.

అయితే లెక్కకు ఒక లోపము గలదు. అది వ్రాసిన పేరును చూచును గాని ఆకలిని చూడదు. యెరూషలేములో ఆదిసంఘమే అనుదిన పంపిణీలో గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రను విడిచిపెట్టెను. అపొస్తలులు ఆ సణుగుడును గద్దింపలేదు. ఆ పనికి ఏడుగురిని ఏర్పరచిరి. నేడు జీవితమంతయు నాట్లు వేసి, కలుపు తీసి వ్రేళ్లరిగిన అవ్వ బొటనవ్రేలిని యంత్రము గుర్తింపనియెడల ఆమె ఖాళీ సంచితో తిరిగివచ్చును. కార్డులో పేరెక్కని పసిబిడ్డకు వంతు లేదు. లోపము లెక్కదే గాని అవ్వది కాదు, బిడ్డది కాదు. అయినను పస్తుండువారు వారే.

మన సంఘములలో అట్టివారెవరో మనకు తెలియును. ఈ నెల బియ్యము పంచు దినమున చదువువచ్చిన యౌవనస్థులు ఒకరిద్దరు వారితోకూడ దుకాణమునకు వెళ్లవలెను. అక్కడ కానియెడల అర్జీ వ్రాసి, వారిని వెంటబెట్టుకొని తహశీల్దారు కచేరీకి వెళ్లవలెను. పేర్లు నాకు తెలిపినయెడల నేనును వచ్చెదను.