లాంతరు చించే హక్కు

సినిమా నటి రంగస్థలం మీదికి వస్తోందంటే చాలామంది ఒకే మాట అంటారు: "ఇప్పుడు తెలుస్తుంది, ఆమెకు నటన వచ్చో రాదో." క్లోజప్ ఉండదు, రీటేక్ ఉండదు, ఎడిటింగ్ ఉండదు. ఇక అసలు సంగతి బయటపడుతుందని ఎదురుచూస్తారు. ఈ ఎదురుచూపులో కళాభిమానంతో పాటు ఇంకోటి కూడా ఉందని నాకనిపిస్తుంది. ఆడదాని అలంకరణ వెనక ఏదో మోసం ఉంటుందనీ, దాన్ని బయటపెట్టే హక్కు చూసేవాళ్లకి ఉంటుందనీ ఒక పాత నమ్మకం. టెనెసీ విలియమ్స్ 'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్' సరిగ్గా ఆ నమ్మకం గురించిన నాటకం. 1947లో న్యూయార్క్‌లో మొదలైనప్పటి నుంచీ అందులోని బ్లాంష్ పాత్ర సినిమా తారల్ని పిలుస్తూనే ఉంది. వివియన్ లీ, జెస్సికా లాంగ్, కేట్ బ్లాంచెట్, జిలియన్ ఆండర్సన్ అందరూ ఆ పాత్ర వేశారు.

బ్లాంష్ మిసిసిపీలో ఇంగ్లీషు టీచరు. తాతతండ్రుల వ్యసనాలకు ఆస్తి కరిగిపోయింది. మంచాన పడ్డవాళ్లకు సేవ చేసి, ఒక్కొక్కరినీ సాగనంపి, ఇల్లూ పోగొట్టుకుని, న్యూ ఆర్లియన్స్‌లో చెల్లెలు స్టెల్లా రెండు గదుల ఇంటికి చేరింది. వయసు దాస్తుంది. తాగుడు దాస్తుంది. దీపం వెలుగు మొహాన పడకుండా బల్బుకి కాగితపు లాంతరు తగిలిస్తుంది. పెళ్లి చేసుకుంటాననుకున్న మిచ్, ఆమె గతం తెలిశాక, ఆ లాంతరు చించి మొహాన్ని వెలుతురులో పరీక్షిస్తాడు. ఆ రాత్రే, చెల్లెలు ప్రసవానికి ఆసుపత్రిలో ఉండగా, మరిది స్టాన్లీ బ్లాంష్‌ని బలాత్కరిస్తాడు. చెల్లెలు నమ్మదు. అక్కని పిచ్చాసుపత్రికి పంపిస్తారు.

1949లో లండన్‌లో వివియన్ లీ ఈ పాత్ర వేసేనాటికి ఆమెకు 35 ఏళ్లు. దర్శకుడు ఆమె భర్త లారెన్స్ ఒలివియర్. 'గాన్ విత్ ద విండ్'లో స్కార్లెట్‌గా ఆమెను ప్రపంచమంతా చూసి పదేళ్లయింది. భూమిని గుప్పిట పట్టి నిలబడ్డ దక్షిణాది అందగత్తెను చూసిన కళ్లే, ఇప్పుడు భూమి పోయిన దక్షిణాది స్త్రీని చూశాయి. 326 ప్రదర్శనలిచ్చాక, 1951 సినిమాలోనూ ఆమే చేసింది, ఆస్కార్ అందుకుంది. న్యూయార్క్ రంగస్థలం మీద ఆ పాత్రకు ప్రాణం పోసిన జెస్సికా టాండీని మాత్రం సినిమాలోకి తీసుకోలేదు. నలుగురు ముఖ్య నటుల్లో వదిలేసింది ఆమెనొక్కదాన్నే. పోస్టరు మీద పెద్ద తార పేరు కావాలి కదా! పరిశ్రమ ఒక నటికి పీట వేయడానికి ఇంకో నటి కింద పీట లాగేస్తుంది. ఇదీ గుర్తుంచుకోవాలి.

వివియన్ లీకి తీవ్రమైన మానసిక అనారోగ్యం ఉండేది. అందుకే ఆమె బ్లాంష్ గురించి మాట్లాడేవాళ్లు "అది నటన కాదు, ఆమె జీవితమే" అనేస్తారు. మెచ్చుకోలులా వినిపించే ఈ మాటలో ఒక దోపిడీ ఉంది. స్టాన్లీగా మార్లన్ బ్రాండో చేసినదాన్ని నటనా పద్ధతిగా పాఠాలు చెప్పుకుంటాం. వివియన్ చేసినదాన్ని జబ్బు ఖాతాలో రాస్తాం. ఒకే దుఃఖాన్ని 326 సార్లు, వేళకి, కొలతతో, ఆఖరి వరసదాకా వినిపించేలా పలకడం జబ్బు చేసే పని కాదు. అది శ్రమ, నైపుణ్యం. జబ్బు ఉండి కూడా చేసింది కాబట్టి మరింత శ్రమ.

ఎమ్మే క్లాసులో ఈ నాటకం చెప్పినప్పుడల్లా పిల్లలు ఒక ప్రశ్న అడుగుతారు: "మొదట్లోనే నిజం చెప్పేస్తే పోయేది కదా మేడమ్?" నిజం చెప్తే మిచ్ ఆమె పక్కన కూర్చునేవాడా? ముప్పై దాటిన ఆడదానికి విలువ లేదని తేల్చినవాళ్లే, వయసెందుకు దాచావని అడుగుతున్నారు. అబద్ధాన్ని తప్పనిసరి చేసినవాళ్లకి నిజాన్ని నిలదీసే నైతిక అధికారం ఎక్కడిది?

అయితే బ్లాంష్‌ని నిర్దోషిగా నిలబెట్టాలని నేను చూడటం లేదు. పదిహేడేళ్ల విద్యార్థితో సంబంధం పెట్టుకుని ఉద్యోగం పోగొట్టుకుందామె. టీచరుగా అది నేరమే, ఒంటరితనం దానికి సాకు కాదు. మన పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. తప్పు చేసిన స్త్రీ, అబద్ధాలాడిన స్త్రీ, తన మీద అత్యాచారం జరిగిందని చెప్తే నమ్ముతామా? మన దేశంలో సాక్ష్య చట్టమే 2002 సవరణ దాకా, అత్యాచార కేసుల్లో ఫిర్యాదు చేసిన స్త్రీ శీలం మంచిది కాదని చూపించి ఆమె మాటను కొట్టిపారేయడానికి వీలిచ్చింది. బ్లాంష్‌ని ఎవరూ నమ్మకపోవడానికి ఆమె గతం చాలు. స్టాన్లీ గతం గురించి ఎవరూ ఆరా తీయరు.

స్టెల్లా సంగతి ఇంకా కష్టం. అక్క మాట నమ్మితే ఇక స్టాన్లీతో కాపురం చేయలేనని ఆమే అంటుంది. చేతిలో పసిబిడ్డ, సంపాదన లేదు, వెనక్కి వెళ్లడానికి పుట్టిల్లు లేదు. ఆమె అపనమ్మకం బతుకుతెరువు నుంచి పుట్టింది. 1951 సినిమాలో, అప్పటి సెన్సారు నియమావళి కోసం, స్టెల్లా బిడ్డని ఎత్తుకుని, ఇక తిరిగి రానంటూ పైవాటాలోకి వెళ్లిపోతుంది. తప్పు చేసినవాడికి శిక్ష పడిందని ప్రేక్షకులు తృప్తిగా ఇంటికెళ్లొచ్చు. నాటకం ఆ తృప్తినివ్వదు. ఏడుస్తున్న స్టెల్లాని స్టాన్లీ దగ్గరకు తీసుకుంటుండగా ముగుస్తుంది. నా దృష్టిలో ఇదే ఎక్కువ నిజాయితీ గల ముగింపు.

2009లో సిడ్నీలో కేట్ బ్లాంచెట్ బ్లాంష్ వేసినప్పుడు ఆమెకు 40 ఏళ్లు. ఆ నాటక సంస్థకు అప్పుడు భర్తతో కలిసి కళాదర్శకత్వం వహిస్తున్నది ఆమే. నాటక దర్శకురాలు లివ్ ఉల్‌మన్. బెర్గ్‌మన్ సినిమాల క్లోజప్‌లలో ప్రపంచమంతా పరీక్షగా చూసిన మొహం ఆమెది. 1975లో న్యూయార్క్ రంగస్థలం మీద ఇబ్సెన్ నోరాగా నటించిందీ ఆమే. చూడబడటమంటే ఏమిటో ఎరిగిన స్త్రీ ఇప్పుడు చూపును నడిపింది. దీంతో బ్లాంష్ తలరాత మారిపోదు, ఆమెను పిచ్చాసుపత్రికి తీసుకెళ్తూనే ఉంటారు. కానీ వెలుతురు సంగతి మారుతుంది. మిచ్ లాంతరు చించినప్పుడు బ్లాంష్ మీద పడ్డ వెలుతురు ఆమె అడగనిది. నటి మీద పడే వెలుతురులోకి ఆమె తనంతట తాను నడిచొచ్చింది. ఎంత చూపించాలో, ఎప్పుడు మొహం తిప్పుకోవాలో తనే తేల్చుకుంటుంది.

అందుకే తార అసలు మొహం చూడాలని టిక్కెట్టు కొనుక్కుని వెళ్లేవాళ్లం, మిచ్ కాగితం చించే దృశ్యం వచ్చినప్పుడు కాస్త ఇబ్బందిపడాలి. మనమూ అందుకే కదా వచ్చాం?