పరిశుద్ధత వరమా, సాధనా?

“మొక్కై వంగనిది మ్రానై వంగునా” యని మన పెద్దలు చెప్పుదురు. లోకానుభవము ఈ సామెతకు సాక్షి. ఐనను ముదిరిన స్వభావము మారగలదని క్రైస్తవ ధర్మము బోధించుచున్నది. మారుట నిజమైనచో అది దైవవరమా, మానవ సాధనా? ఈ సంచికను చదువు కుటుంబములలో పలు మతములవారు కలరు. మనస్సు నెట్లు శుద్ధిచేసికొనవలెనను చింత అందరిదియు గనుక దీనిని గూర్చి విచారింప దలచితిమి.

సంస్కరణ సంప్రదాయమునకు చెందిన క్రైస్తవ వేదాంతులు రెండు విషయములను వేరుగా చూపుదురు. మొదటిది నీతిమంతునిగా తీర్చబడుట. దేవుడు క్రీస్తునందలి విశ్వాసమును బట్టి పాపిని క్షమించి తనవానిగా స్వీకరించును. ఇది తీర్పువంటిది. రెండవది పరిశుద్ధపరచబడుట. స్వీకరింపబడినవాని తలపు, మాట, నడవడి క్రమముగా క్రీస్తు పోలికకు వచ్చును. ఇది పెరుగుదల వంటిది, జీవితకాలము పట్టును. ఈ రెంటిని కలిపివేసినవాడు ప్రతి తొట్రుపాటునకును తన రక్షణ పోయెనని వణకును. విడదీసినవాడు క్షమ దొరికినది గదా యని నడవడిని మరచును. జాన్ కాల్విన్ (1509-1564) వీనిని సూర్యుని వెలుగుతోను వేడిమితోను పోల్చెను. వెలుగు వేడిమి కాదు. కాని అవి విడివిడిగా రావు.

ఇక వరమా, సాధనా యను ప్రశ్న. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయమున, శ్రద్ధతో పాటుపడుడని ఆజ్ఞాపించి, ఆ పాటునకు వలయు కోరికను, శక్తిని లోపల పుట్టించువాడు దేవుడేయని కారణము చూపెను. దేవుడు చేయుచున్నాడు గనుక ఊరకుండుడని ఆయన చెప్పలేదు. మార్కు సువార్త నాలుగవ అధ్యాయములోని ఉపమానమున విత్తినవాడు నిద్రించును, లేచును. మొలక యెట్లు పెరుగునో ఎరుగడు. మన పొలములలోను అంతే. దున్నుట, నీరు పెట్టుట, కలుపు తీయుట రైతు పని. మొలకను పట్టి పైకి లాగుట ఆతని పని కాదు. లాగినచో అది చచ్చును.

ఈ పెరుగుదల ఇహమున ఎంతవరకు సాగునను విషయమున పెద్దలు ఏకీభవింపలేదు. విశ్వాసి ఏకకాలమున నీతిమంతుడును పాపియునై యుండునని మార్టిన్ లూథర్ బోధించెను. 1517లో ఆయన ప్రకటించిన 95 ప్రతిపాదనలలో మొదటిదే విశ్వాసి జీవితమంతయు పశ్చాత్తాపమై యుండవలెనన్నది. జాన్ వెస్లీ (1703-1791) మాత్రము 1766లో ప్రచురించిన గ్రంథమున, ప్రేమయందు పరిపూర్ణత ఈ లోకముననే సాధ్యమని వాదించెను. అజ్ఞానము, పొరపాటు, దేహదౌర్బల్యము పూర్తిగా తొలగునని ఆయన భావము కాదు. మాకు తోచునది ఇది: లూథరు మాట గర్వమునకు మందు, వెస్లీ మాట నిరాశకు మందు. రోగమెరిగి మందు పుచ్చుకొనవలెను.

పరిశుద్ధమను మాటకు హీబ్రూ భాషలో ‘ఖదోష్’ అందురు. దేవునికై ప్రత్యేకింపబడినదను భావము అందు కలదు. తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ సీమలలో తరతరములుగా తమ భాషను నిలుపుకొనిన మనకు ఈ మాట సులభముగా అర్థమగును. సులభముగా అపార్థమును అగును. వేరుగా నుండుటయే పవిత్రత కాదు. పూర్వము గుడారములోని పాత్రలను వేరుచేసినది ఆరాధనలో వాడుటకే గాని దాచి యుంచుటకు కాదు. గలతీయులకు వ్రాసిన పత్రికలో పౌలు ఆత్మఫలముగా పేర్కొన్న 9 గుణములలో దీర్ఘశాంతము, దయ, సాత్వికము కలవు. పొరుగువాడు లేనిచో ఇవి ఎచట పండును? మన మాట తెలియని ఇరుగువారితో, ఓర్పును పరీక్షించు బంధువులతో, ఇంట పనిచేయువారితో మనము మెలగు తీరుననే ఇవి కానవచ్చును.

ప్రార్థన, గ్రంథపఠనము, ప్రభు భోజనము, సంకీర్తనము ఈ సేద్యమునకు సాధనములు. నేడు ఒడిశాలో నున్న పర్లాకిమిడి ప్రాంతమున జన్మించిన పురుషోత్తమ చౌదరి (1803-1890) రచించిన తెలుగు కీర్తనలు నేటికిని మన ఆలయములలో పాడబడుచున్నవి. కీర్తన ఒక్కనాటికి మనిషిని మార్చదు. ఏండ్ల తరబడి ఇంట పాడిన పాట ఒకానొక కష్టదినమున నాలుకకు వచ్చి, అనరాని మాట నాపును.

ముప్పది యేండ్లు ప్రార్థించియు నేటికిని కోపమును జయింపలేనివాడు కలడు. ఆతని భక్తి కపటమందుమా? అట్లు త్వరపడి తీర్పు చెప్పరాదు. ఒకప్పుడు పది దినములు ముఖము చాటు చేసికొని తిరిగినవాడు, నేడు ప్రొద్దు గ్రుంకక మున్నే వచ్చి “నాది తప్పు, క్షమింపుము” అనినచో, అందు పెరుగుదల కలదు. కోపము మిగిలియుండుట నిజమే. దానిని సమర్థించుకొను అలవాటు తరిగినది. పౌలంతటివాడును చెరలోనుండి వ్రాయుచు తానింకను గమ్యము చేరలేదని ఒప్పుకొని, ముందుకే సాగుచున్నానని తెలిపెను. మన ఇండ్లలోని పిన్నలను, పెద్దలను, మనలను మనమును ఈ ఓర్పుతోనే పరికింతము గాక.