గొఱ్ఱెదాటు

పదుగురు నడచిన త్రోవయే మంచిత్రోవ యని తలఁచుట మన మనస్సున కలవాటు. ఆ యలవాటునకు మన నల్లరేగడి చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. 1987-88 పంటకాలమున గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిచేలను తెల్లదోమ ముంచెత్తెను. ప్రక్కచేనివాఁడు మందు చల్లుటఁ జూచి యొకఁడు చల్లెను. వానిఁ జూచి మఱియొకఁడు. మందునకు దోమ యలవడెను. దోమను దిను పురుగులు చచ్చెను. దోమయుఁ బెరిఁగెను, అప్పులును బెరిఁగెను. తుదకుఁ బెక్కురు రైతులు ప్రాణములనే తీసికొనిరి.

పొరుగువాని చేఁతను మనము ప్రమాణముగాఁ గొందుము. అతఁడు మన చేఁతను గొనును. ఇఁకఁ బరీక్షించువాఁ డెవఁడు? పరమేశ్వరుఁడు బుద్ధిని ఊరికంతకు నొక్కటిగా నియ్యలేదు, ఒక్కొక్కరికి నిచ్చెను. కావున మందుడబ్బా విప్పుటకు ముందు ఆకుఁ ద్రిప్పి యడుగువైపు చూతము. దోమనెంత, దాని శత్రువులెంతయో యెంచుదము. అట్లు చూచి నిశ్చయించుటయే వివేకము. వివేకమే నిజమైన యుపాసన.